జర్మనీ నుంచి స్టూడెంట్ గ్రూప్ టూర్‌లో యూరప్ చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదివిన రోజుల్లో ఏడు స్టూడెంట్ బస్ టూర్లకు వెళ్లాను. ప్రాగ్‌కి రెండుసార్లు, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, బుడాపెస్ట్, స్విట్జర్లాండ్, చలికాలంలో స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్. ఏటా అక్టోబర్‌లో కొత్త బ్యాచ్ దిగగానే "అక్కా, ఒక చిన్న డౌట్" అని మొదలవుతుంది. ఆ చిన్న డౌట్లన్నిటికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

స్టూడెంట్ గ్రూప్ టూర్ అంటే అసలు ఏముంటుంది?

శుక్రవారం రాత్రి బస్సు ఎక్కుతారు, శనివారం పొద్దున్నే ఊళ్లో దిగుతారు, ఆ రాత్రి హాస్టల్‌లో పడుకుంటారు, ఆదివారం సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రికో తెల్లారేసరికో ఇల్లు చేరతారు. చాలావరకు ఇదే మూస. కట్టిన డబ్బులో బస్సు, మంచం, ఒక వాకింగ్ టూర్, వెంట వచ్చే టూర్ లీడర్ ఉంటారు. ఆ లీడర్ కూడా చాలాసార్లు మనలాంటి స్టూడెంటే. భోజనం, మ్యూజియం టికెట్లు, ఊళ్లో మెట్రో ఖర్చు మనవే.

నడిపేవాళ్లు రెండు రకాలు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు, ఎరాస్మస్ స్టూడెంట్ నెట్‌వర్క్ అనే విద్యార్థి సంఘం స్థానిక శాఖల లాంటివి ఒకటి. స్టూడెంట్ల కోసమే టూర్లు వేసే ప్రైవేట్ కంపెనీలు రెండోది. మొదటి రకంలో సీట్లు తక్కువ, పెట్టిన రోజే నిండిపోతాయి. రెండో రకంలో సీట్లు ఎప్పుడూ ఉంటాయి, ఫోటోలు మరీ అందంగా ఉంటాయి. నేను కట్టినవాటిలో ఒకరోజు ట్రిప్‌లు 40 నుంచి 70 యూరోల మధ్య, ఒక రాత్రి మకాం ఉన్నవి 150 అటూ ఇటూ పడ్డాయి.

ఇన్ని టూర్లున్నాయి, ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

ఊళ్లు లెక్కపెట్టకండి, ఊళ్లో ఎన్ని గంటలు ఉంటారో లెక్కపెట్టండి. నేను అడిగే మొదటి ప్రశ్నా, చివరి ప్రశ్నా ఇదే.

"నాలుగు రోజుల్లో ఐదు నగరాలు" అని పోస్టర్ మీద ఉంటుంది. కాగితం, పెన్ను తీసుకోండి. మాగ్డెబర్గ్ నుంచి పారిస్ 900 కిలోమీటర్లు దాటుతుంది. జర్మనీలో టూరిస్ట్ బస్సు గంటకు 100కి మించి పోకూడదు, పైగా మధ్యలో ఆగాలి. అంటే ఒకవైపే 12, 13 గంటలు. పోను రాను కలిపితే ఒక పూర్తి రోజు బస్సులోనే పోయింది. మిగిలిన మూడు రోజుల్లో బ్రస్సెల్స్, బ్రూజ్, ఆమ్‌స్టర్‌డామ్ కూడా ఇరికిస్తే ఒక్కో ఊరికి మూడు, నాలుగు గంటలు మిగులుతాయి. అందులో టాయ్‌లెట్ వెతుక్కోవడానికి అరగంట, తిండికి గంట. బ్రస్సెల్స్‌లో నేను చూసిందల్లా గ్రాన్ ప్లాస్ చౌరస్తా, ఒక వాఫిల్ బండి, మానెకెన్ పిస్ అనే చిన్నపిల్లాడి బొమ్మ ఫౌంటెన్ ముందు నిలబడ్డ జనం వీపులు.

అదే ప్రాగ్ అయితే మాకు 400 కిలోమీటర్ల లోపే. రెండు రోజులకు వెళ్తే 30 గంటలు ఊళ్లోనే ఉండొచ్చు. అందుకే మొదటి టూర్ ఎవరు అడిగినా దగ్గరి ఊరు, ఒక్కటే ఊరు అని చెబుతాను.

రెండో ప్రశ్న, పడుకునేది ఎక్కడ? "పారిస్ హోటల్" అని రాసి ఉంటే ఊరుకోకండి, వీధి పేరు అడిగి మ్యాప్‌లో చూడండి. నా పారిస్ టూర్‌లో హోటల్ ఎయిర్‌పోర్ట్ దారిలో గోదాముల మధ్య ఉంది. చుట్టూ లారీలు తప్ప కాఫీ కొట్టు కూడా లేదు. రాత్రి ఐఫిల్ టవర్ లైట్లు వెలిగే వేళకు మేం ఆ రూమ్‌లో కూర్చుని చిప్స్ తింటున్నాం, ఎందుకంటే ఊళ్లోకి వెళ్తే తిరిగి రావడానికి రైలు దొరకదేమోనని టెన్షన్. కంపెనీకి మెయిల్ పెడితే "పారిస్ పరిసరాల్లో" అని షరతుల్లో రాశాం కదా అన్నారు. నిజమే, రాశారు. నేనే చదవలేదు.

పది నిమిషాలు లేటైతే బస్సు ఆగదా?

ఆగదు. టూర్ లీడర్ మనసు మంచిదైనా ఆగదు. డ్రైవర్ పని గంటలకు యూరప్ అంతటా కట్టుదిట్టమైన రూల్ ఉంది. నాలుగున్నర గంటలు నడిపితే మొత్తం 45 నిమిషాల విరామం తీసుకోవాలి. రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. బస్సులో మెషిన్ ఇదంతా రికార్డ్ చేస్తుంది, పట్టుబడితే ఫైన్. మీకోసం ఆగిన అరగంట అర్ధరాత్రి ఏ పెట్రోల్ బంకు దగ్గరో ఇంకో రూపంలో తిరిగొస్తుంది.

పైగా ఊరి మధ్యలో బస్సు నిలపనివ్వరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 జనవరి 1 నుంచి పెద్ద టూరిస్ట్ బస్సులు సెంటర్‌లోకి రాకూడదు. బయట దింపితే ట్రామ్ ఎక్కాలి. మా బ్యాచ్‌లో ఇద్దరు అబ్బాయిలు సెంట్రల్ స్టేషన్ నుంచి బస్సు దగ్గరికి నడక అనుకుని ఫ్రైస్ కోసం లైన్లో నిలబడ్డారు. ఫోన్లు చేశాం, పావుగంట చూశాం, వెళ్లిపోయాం. వాళ్లు సొంత డబ్బుతో వేరే టికెట్ కొనుక్కుని మర్నాడు మధ్యాహ్నం దిగారు. ఫ్రైస్ మాత్రం చాలా బాగున్నాయట.

దిగగానే బస్సు ఉన్న చోటు ఫోన్‌లో పిన్ చేసి పెట్టుకోండి. బస్సు నంబర్ ఫోటో కూడా.

జర్మనీ వీసా ఉంటే మిగతా దేశాలకు వేరే వీసా కావాలా?

షెంగెన్ దేశాలకు, అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాలకు, అక్కర్లేదు. జర్మనీ ఇచ్చిన నేషనల్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ కార్డ్ గానీ చెల్లుబాటులో ఉంటే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు మిగతా షెంగెన్ దేశాల్లో తిరగొచ్చు. జర్మనీలో ఉండే రోజులు ఆ లెక్కలోకి రావు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది, వెళ్లొచ్చు. లండన్, డబ్లిన్ మాత్రం షెంగెన్ కాదు. పోస్టర్‌లో బిగ్ బెన్ బొమ్మ కనిపిస్తే ముందు బ్రిటన్ వీసా, తర్వాతే బుకింగ్.

కార్డ్ ఇంకా రాలేదు, తాత్కాలిక కాగితం ఒక్కటే ఉంది. వెళ్లొచ్చా?

ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ గురించే కదా. అందులో ఏ గడిలో టిక్ పెట్టారన్నదే మొత్తం వ్యవహారం. పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు టిక్ ఉండి, ఆ పాత కార్డో వీసానో చేతిలో ఉంటే వెళ్లే వీలుంటుంది. మిగతా గడులైతే వేరే దేశం వెళ్లే ఆలోచన మానేయండి. మొదటి రకమే అయినా ఫారినర్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకుని, అప్పుడే డబ్బు కట్టండి. "మా ఫ్రెండ్ వెళ్లొచ్చాడు, ఎవరూ అడగలేదు" అనే మాట మీద మీ చదువు పణంగా పెట్టొద్దు.

పాస్‌పోర్ట్ ఒరిజినలే తీసుకెళ్లాలా? పోతే ఎలా?

ఒరిజినలే. రెసిడెన్స్ కార్డ్ కూడా. ఫోన్‌లో స్కాన్, జిరాక్స్ చెల్లవు. షెంగెన్‌లో సరిహద్దులే లేవంటారు కానీ, జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. ప్రాగ్ నుంచి వస్తుంటే రాత్రి పూట బస్సు ఆపి ఇద్దరు పోలీసులు ఎక్కారు, టార్చ్ వేసి ఒక్కో పాస్‌పోర్ట్ చూశారు. నిద్రమత్తులో ఒకమ్మాయి యూనివర్సిటీ ఐడీ చూపించింది. పాస్‌పోర్ట్ డిక్కీలోని సూట్‌కేస్‌లో ఉంది. బస్సు మొత్తం ఆ సూట్‌కేస్ కోసం దిగింది.

పోతే అక్కడి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి, ఇండియన్ ఎంబసీకి చెప్పండి. పాస్‌పోర్ట్, కార్డ్ ఒకే పర్సులో పెట్టకుండా ఉంటే కనీసం ఒకటైనా మిగులుతుంది. పారిస్ మెట్రోలో, ప్రాగ్ గడియారం కింద బ్యాగ్ ముందుకు వేసుకోవాలి. గంట కొట్టినప్పుడు అందరి తలలూ పైకి లేస్తాయి, దొంగకు కావాల్సిందదే.

కట్టాక వెళ్లలేకపోతే డబ్బు వస్తుందా?

ఆన్‌లైన్ షాపింగ్‌లా 14 రోజుల్లో వాపసు అనేది టూర్లకు ఉండదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీరు రద్దు చేసుకుంటే షరతుల ప్రకారం కోత పడుతుంది, తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది.

కానీ పెద్దగా ఎవరికీ తెలియని సౌకర్యం ఒకటుంది. బస్సు, మకాం కలిసిన ప్యాకేజీ అయితే, బయల్దేరడానికి కనీసం 7 రోజుల ముందు చెప్పి మీ సీటు ఇంకొకరి పేరు మీదికి మార్చుకోవచ్చు. దానికయ్యే అదనపు ఖర్చు కట్టాలంతే. జనవరి చివర పరీక్ష తేదీ మారితే నా బుడాపెస్ట్ సీటు మా ఫ్లాట్‌మేట్‌కి ఇలాగే ఇచ్చాను. తర్వాత మార్చిలో నేను వెళ్లాను.

వాళ్లు కూడా రద్దు చేయొచ్చు. "కనీసం ఇంతమంది రావాలి" అని ముందే రాసి ఉంటే, రెండు నుంచి ఆరు రోజుల టూర్‌ని 7 రోజుల ముందు వరకు ఆపేయొచ్చు, అప్పుడు డబ్బంతా వెనక్కి ఇవ్వాలి. కంపెనీ దివాలా తీస్తే మన డబ్బుకు రక్షణగా జిషెరుంగ్స్‌షైన్ అనే పత్రం ఉంటుంది. అది చేతికి రాకుండా అడ్వాన్స్ కూడా కట్టకండి. రాత్రి మకాం లేని ఒకరోజు ట్రిప్‌లకు, లాభం చూసుకోకుండా క్లబ్బులు అప్పుడప్పుడు వేసే ట్రిప్‌లకు ఈ ప్యాకేజీ రూల్స్ వర్తించవు.

ఎక్స్‌ట్రా ఎంత డబ్బు పెట్టుకోవాలి?

రోజుకు 30, 35 యూరోలతో నాకు సరిపోయేది, స్విట్జర్లాండ్‌లో తప్ప. అక్కడ టీ నీళ్లకు కూడా ఆలోచించాను.

చెక్‌లో కోరునా, హంగరీలో ఫోరింట్, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంక్. కార్డ్ మెషిన్ గానీ ఏటీఎం గానీ "యూరోల్లో కోస్తాం, సరేనా?" అని అడిగితే వద్దని స్థానిక కరెన్సీ నొక్కండి. యూరో నొక్కితే రేటు వాళ్ల ఇష్టం. ప్రాగ్‌లో నోట్లు మార్చి మోసపోయామనిపిస్తే రసీదు పారేయకండి. మూడు గంటల్లోపు అదే కౌంటర్‌కి వెళ్లి రద్దు చేయమని అడిగే హక్కు అక్కడి చట్టంలో ఉంది. జేబులో చిల్లర కూడా ఉంచుకోండి. హైవే మీద టాయ్‌లెట్‌కి ఒక యూరో అడుగుతారు. ఇచ్చే కూపన్ అక్కడి షాపులో చెల్లుతుంది, కాకపోతే ఆ షాపులో నీళ్ల సీసా ధర చూస్తే మళ్లీ దాహం వేయదు.

తిండి సంగతేంటి? నేను పూర్తి వెజ్.

బతకొచ్చు. మొదటి రోజుకి ఇంటి నుంచి తీసుకెళ్లండి. చింతపండు పులిహోర కొంచెం పులుపు ఎక్కువ వేసి, చల్లారాక డబ్బాలో పెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. వేడిగా మూత పెడితే ఆవిరికి పాడవుతుంది. పెరుగన్నం వద్దు, బస్సు వేడికి పులిసిపోతుంది. చపాతీల్లో టమాటా పచ్చడి రాసి చుట్టేస్తే ప్లేట్ కూడా అక్కర్లేదు.

పచ్చడి డబ్బా విషయంలో నా మాట వినండి. అమ్మ పంపిన గోంగూర సీసా మూత వదులై, బుడాపెస్ట్ దారిలో నా బ్యాగ్‌లోంచి పై అరలోకి, అక్కడినుంచి కింద కూర్చున్న ఇటలీ అమ్మాయి తెల్ల జాకెట్ మీదికి నూనె కారింది. ఆ పిల్ల పాపం ఏమీ అనలేదు. బస్సంతా వెల్లుల్లి వాసన. డ్రైవర్ మైక్‌లో ఏదో అన్నాడు, మా లీడర్ దాన్ని తర్జుమా చేయలేదు. ఇప్పుడు రెండు జిప్‌లాక్ కవర్లు, దానిమీద స్టీల్ డబ్బా. అప్పటికీ బస్సులో తెరవను.

బయట దొరికేవాటిలో, చెక్‌లో స్మజెని సీర్ అని చీజ్ ముక్కకు పైపూత పెట్టి వేయిస్తారు, కడుపు నిండుతుంది. బుడాపెస్ట్‌లో లాంగోష్ తినండి. మన పూరీకి పెద్దన్నలా ఉంటుంది, పైన వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, చీజ్. పారిస్‌లో గార్ డు నార్ స్టేషన్ నుంచి లా షాపెల్ వైపు నడిస్తే శ్రీలంక తమిళుల హోటళ్లుంటాయి, దోసె, సాంబార్ దొరుకుతాయి. రెండు రోజుల బ్రెడ్ తర్వాత ఆ సాంబార్ విలువ చెప్పలేను.

బెల్జియంలో జాగ్రత్త. అక్కడి ఫ్రైస్ సంప్రదాయంగా ఆవు, ఎద్దు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే కొట్లూ ఉన్నాయి, అడగాలి. బంగాళాదుంపే కదా అని నాలుగు పొట్లాలు తిన్నాక తెలిసి ఏడ్చినవాళ్లను చూశాను.

హెల్త్ ఇన్సూరెన్స్ పనిచేస్తుందా?

జర్మనీ ప్రభుత్వ బీమా, అంటే టీకే, ఏఓకే లాంటివి ఉంటే కార్డ్ వెనకవైపే యూరోపియన్ హెల్త్ కార్డ్. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అత్యవసర వైద్యానికి చాలావరకు సరిపోతుంది. కానీ మనలాంటి యూరప్ పౌరసత్వం లేనివాళ్లకు డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లో ఆ కార్డ్ చెల్లదు. స్విస్ టూర్‌కి మాత్రం విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా కదలొద్దు. ప్రైవేట్ బీమా మీద వచ్చినవాళ్లు తమ పాలసీ కాగితం చదువుకోవాలి. ఎక్కడున్నా ఎమర్జెన్సీ నంబర్ 112.

స్టూడెంట్ కార్డ్‌కి మ్యూజియంలలో తగ్గింపు ఉంటుందా?

దీనికంటే పెద్ద లాభం ఇంకొకటుంది. పారిస్‌లో లూవ్ర్, ఓర్సే మ్యూజియంలు, ఊరి బయట వెర్సాయ్ రాజభవనం 26 ఏళ్లలోపు యూరోపియన్ యూనియన్ నివాసులకు ఉచితం. పౌరులకే అనుకుని మనవాళ్లు డబ్బు కట్టేస్తుంటారు. మీ జర్మన్ రెసిడెన్స్ కార్డే నివాసానికి రుజువు. లూవ్ర్‌కి ఉచితమైనా టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. లూవ్ర్ మంగళవారం, మిగతా రెండూ సోమవారం మూసేస్తారు. టూర్ షెడ్యూల్‌లో "ఐచ్ఛికం: లూవ్ర్" అని మంగళవారం నాడు పెట్టిన మహానుభావులను కూడా చూశాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలనుంటే టూర్ కట్టిన రోజే పని మొదలుపెట్టండి. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకు వదులుతారు. గ్రూప్ వాళ్లు మీకోసం కొనరు.

అమ్మాయిని, ఒక్కదాన్నే వెళ్తున్నా. ఫర్వాలేదా?

నేను ఏడింటిలో మూడుసార్లు ఒక్కదాన్నే వెళ్లాను. బస్సు ఊరు దాటేలోపే స్నేహాలు మొదలవుతాయి, మొదటి పెట్రోల్ బంకు దగ్గరే ఎవరో ఒకరు కలుస్తారు. హాస్టల్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఉండే డార్మ్‌లు మామూలే, బుక్ చేసేటప్పుడే అమ్మాయిల రూమ్ కావాలని రాయండి. అక్కడికెళ్లి అడిగితే ఉండదు. చిన్న తాళంకప్ప, తువ్వాలు, చెప్పులు పెట్టుకోండి. రాత్రి పబ్బులకు తిప్పడం చాలా టూర్లలో ఉంటుంది, కానీ అది మీ ఇష్టం. నేను తాగను, ఎవరూ బలవంతం చేయలేదు.

ఇండియా నుంచి తమ్ముడు వస్తాడు, వాడూ ఈ టూర్‌లో చేరొచ్చా?

టూర్ వాళ్లు ఒప్పుకుంటే చేరొచ్చు. కొందరు స్టూడెంట్ ఐడీ, వయసు అడుగుతారు. వాడికి షెంగెన్ షార్ట్ స్టే వీసా కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో వేసవి అపాయింట్‌మెంట్ల గురించి మీకు చెప్పక్కర్లేదు. అమ్మానాన్నలను మాత్రం ఈ బస్సుల్లో ఎక్కించకండి. మోకాళ్లు పట్టేస్తాయి.

సొంతంగా వెళ్తే ఇంకా చవక కదా?

ముగ్గురు, నలుగురు కలిసి ముందుగా బుక్ చేసుకుంటే చాలాసార్లు చవకే. దగ్గరి ఊళ్లకైతే ఇప్పుడు నేనూ అలాగే వెళ్తాను. కానీ కొత్తగా వచ్చిన మొదటి ఆర్నెల్లలో, ఇంకా క్లాసులో నలుగురి పేర్లు కూడా తెలియనప్పుడు, వారాంతం గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసి కళ్లు తుడుచుకునే రోజుల్లో, ఆ 150 యూరోలు నాకు దండగ అనిపించలేదు.

బస్సు తెల్లవారుజామున 5కే దింపేస్తే ఏం చేయాలి?

దింపేస్తుంది. హాస్టల్‌లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు, కాఫీ కొట్లు తెరవవు, అందరూ తిట్టుకుంటూ దిగుతారు. ప్రాగ్‌లో అయితే బ్యాగ్ రైల్వే స్టేషన్ లాకర్‌లో పడేసి నేరుగా చార్ల్స్ బ్రిడ్జికి నడవండి. 1357లో మొదలుపెట్టిన రాతి వంతెన, పగలు అడుగు తీసి అడుగు వేయడానికి ఉండదు. ఆ వేళ మేం పదకొండు మందిమి, ఒక ఫోటోగ్రాఫర్, రాత్రి పార్టీ నుంచి తిరిగొస్తున్న ఒక జంట, అంతే. నది మీద మంచు. పులిహోర డబ్బా అక్కడే తెరిచాం.